ఉచిత శిబిరానికి ఫీజు కడుతున్నదెవరు?

ఏప్రిల్ మూడో వారం రాగానే నా ఫోన్‌లోకి ఒక జాబితా వచ్చి పడుతుంది. స్నేహితురాళ్ళు పంపుతారు, తోటి అధ్యాపకురాళ్ళు పంపుతారు, బడి తల్లుల గ్రూపులో నాలుగైదుసార్లు చక్కర్లు కొడుతుంది. హైదరాబాద్‌లో ఈ ఎండాకాలం పిల్లలకు ఖర్చు లేకుండా ఏమేం దొరుకుతాయో అందులో ఉంటుంది. మున్సిపల్ కార్పొరేషన్ మైదానాల్లో ఆటలు, పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో పాటా డాన్సూ, ఫలానా హాల్లో ఆదివారం కథలు, ఫలానా లైబ్రరీలో బొమ్మలు గీయడం. ఇంత ఓపిగ్గా ఆ జాబితా తయారుచేసేది తల్లులు, సరిచూసేది తల్లులు, పంచేది తల్లులు. ఇన్నేళ్ళలో ఒక్క తండ్రి దగ్గర్నుంచి కూడా నాకది రాలేదు. ‘ఉచితం’ అన్న మాటను అనుమానించడానికి ఆ ఒక్క సంగతి చాలు.

శిబిరాల మీద నాకు కోపం లేదని ముందే చెబుతున్నాను. వేలకు వేలు గుంజే ప్రైవేటు సమ్మర్ క్యాంపుల మధ్య కార్పొరేషన్ మైదానం ఒక ఊరట. 2025లో హైదరాబాద్ కార్పొరేషన్ ఏప్రిల్ 25 నుంచి మే 31 దాకా 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు ఆటల శిక్షణ పెట్టింది. ఆటను బట్టి పది నుంచి యాభై రూపాయల నామమాత్రపు రుసుము. కాదనడానికేముంది? కాని లెక్క వేయండి. ఆ ఏడాది తెలంగాణలో బడుల సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, అంటే 49 రోజులు. శిబిరం రోజుకు రెండు, రెండున్నర గంటలు. అదీ ఎండ ముదరకముందే, పొద్దున ఆరింటికి మొదలు. మిగిలిన గంటలన్నీ పిల్ల ఎక్కడుంటుంది? ఏం తింటుంది? ఎవరి కళ్ళ ముందు ఉంటుంది?

ఆరింటికి మైదానంలో ఉండాలంటే ఇంట్లో ఒకరు నాలుగున్నరకు లేవాలి. ఆ ‘ఒకరు’ ఎవరో మనకు చెప్పనక్కర్లేదు. మా కాలనీకి దగ్గర్లో ఉన్న మైదానంలో పొద్దున్నే మెట్ల మీద తల్లులు కూర్చుని ఉంటారు. ఒకామె గోకరకాయ తుంచుకుంటూ ఉంటుంది. ఒకామె పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంది. ఎనిమిదింటికి పిల్లల్ని ఇంట్లో దింపి, టిఫిను పెట్టి, తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండాలి. వీళ్ళు నయం. ఆరున్నరకల్లా మొదటి ఇంట్లో అంట్లు తోమడానికి చేరాల్సిన మనిషికి ఆరింటి శిబిరం ఏ మాత్రం ఉచితం? ఆమె పిల్లను మైదానం గేటు దాకా తీసుకొచ్చే మనిషి లేదు. కార్పొరేషన్ రుసుము పది రూపాయలు పెట్టినా, రూపాయి పెట్టినా, అసలు పెట్టకపోయినా ఆ పిల్లకు గేటు తెరుచుకోదు.

2019లో కేంద్ర గణాంక శాఖ సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, పురుషులు 97. అయిదేళ్ళ తర్వాత 2024లో మళ్ళీ చేస్తే 289, 88 వచ్చాయి. ఆడవాళ్ళకు పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే మగవాళ్ళు తొమ్మిది నిమిషాలు తగ్గించుకుని కూర్చున్నారు. వేసవి శిబిరం ఈ అంకెలను తగ్గించే ఏర్పాటు కాదు. పిల్లను లేపడం, తీసుకుపోవడం, ఎదురుచూడడం, తీసుకురావడం, బట్టలు ఉతకడం, ఇవన్నీ ఆ చాకిరీ మీద కొత్తగా చేరేవే.

నేను కూడా ఆ మెట్ల మీద కూర్చునేదాన్నే. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, గంటల లెక్కన పాఠాలు చెప్పుకునేదాన్ని. ఏప్రిల్ చివర క్లాసులు ఆగితే నా జీతమూ ఆగుతుంది. పిల్లలకు సెలవులు, నాకు జీతం లేని నెలలు, రెండూ ఒకేసారి వస్తాయి. “ఎలాగూ ఖాళీయే కదా” అన్న మాట మా అత్తగారింట్లోనూ పుట్టింట్లోనూ ఒకే గొంతుతో వినబడుతుంది. ఖాళీ అంట!

అయితే నేనీ వ్యాసం రాస్తున్నది మైదానం మెట్ల గురించి కాదు. హైదరాబాద్‌లో అన్నింటికంటే పెద్ద ఉచిత వేసవి శిబిరం హైదరాబాద్‌లో లేదు. అది జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ఉంది. పాత వరంగల్ జిల్లాను 2016 అక్టోబర్ 11న ముక్కలు చేస్తే ఏర్పడిన ఈ మూడు జిల్లాల నుంచి పట్నం పోయి బతుకుతున్నవాళ్ళు వేలల్లో ఉన్నారు. మాదీ మానుకోటే. ఏప్రిల్ చివరి వారంలో జనగామ మీదుగా వచ్చే రైళ్ళు చూడండి. పిల్లలు, సంచులు, వాటి మధ్య ఒక తల్లి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక పరకాల మీదుగా భూపాలపల్లి పోయే బస్సులూ అంతే. ఆ బస్సు మీద మగవాళ్ళు వేసుకునే జోకులు విని విని చెవులు చిల్లులు పడ్డాయి గాని, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా ఉచితమైంది ఆ ఒక్క టిక్కెట్టే.

మన సాహిత్యంలో వేసవి సెలవులంటే అమ్మమ్మ ఊరు. ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం అనుబంధాల్లో ఒక స్మృతి వ్యాసం రాక తప్పదు. మామిడితోట, తాటిముంజలు, వ్యవసాయ బావిలో ఈత, రాత్రి వాకిట్లో వరసగా మంచాలు, నక్షత్రాలు. రాసేవాళ్ళు ఎక్కువగా ఒకప్పటి మగపిల్లలు. నా పరిశోధన బాల్య జ్ఞాపకాల మీద కాబట్టి ఇలాంటివి కొన్ని వందలు చదివాను. వాటి వ్యాకరణం ఒకసారి గమనించండి. వాటిలో అన్నం ఉడుకుతుంది, నీళ్ళు కాగుతాయి, పల్లీలు వేగుతాయి, మంచాలు పడతాయి, తెల్లారేసరికి వాకిలి ఊడ్చి ఉంటుంది. వండింది, కాచింది, వేయించింది, వేసింది, ఊడ్చింది అన్న క్రియలు రావు. వస్తే కర్తను చెప్పాల్సి వస్తుంది. తెలుగు క్రియలో ఉన్న ఈ వెసులుబాటును మన స్మృతి సాహిత్యం వాడుకున్నంతగా మరేదీ వాడుకోలేదేమో. ముంజలు కోసుకొచ్చిన గౌడన్న పేరు వాళ్ళకు గుర్తుంటుంది. ఇరవైమందికి వండిపెట్టిన చిన్నత్త పేరు గుర్తుండదు.

అవే ఎండాకాలాల గురించి ఆడవాళ్ళు చెప్పుకున్న మాటలు నాకు అచ్చులో దొరకలేదు, అడిగితేనే దొరికాయి. తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి అమ్మమ్మ ఊరికి పోవడమంటే అమ్మమ్మకు చేతికింద మనిషిగా పోవడమే. బావిలో ఈత వాళ్ళకు లేదు. సొరకాయ బుర్ర కట్టుకుని అన్నదమ్ములు దూకుతుంటే గట్టు మీద బట్టలు కాపలా కాసిన చెల్లెళ్ళు వాళ్ళు. ఇప్పటికీ ఈత రాని స్త్రీలు. ఏటా మే నెలలో చెరువుల్లో, కుంటల్లో, బావుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు వస్తాయి. ఆ వార్తల్లో తండ్రి ఎక్కడున్నాడో సాధారణంగా ఉండదు. తల్లి కూలికి పోయిందనో, వంటలో ఉందనో తప్పకుండా ఉంటుంది. అంటే కర్త దొరికే వాక్యం అదొక్కటే.

జనగామకు దగ్గరి ఒక ఊళ్ళో ఒక నానమ్మను కలిశాను. అరవై దాటిన మనిషి. ముగ్గురు బిడ్డలు, కొడుకు అందరూ హైదరాబాద్‌లోనే, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా చెదిరి ఉన్నారు. మే నెలలో ఆమె దగ్గర ఆరుగురు పిల్లలు. “రావాలె బిడ్డా, రాకుంటే పానం కొట్టుకుంటది. వచ్చినంక పది దినాలకే నడుం పోతది. ఏమంటే మాత్రం? ఎవరికి చెప్పాలె?” అంది. మే అంటే మామిడికాయ తొక్కు పెట్టే నెల. కారం పట్టించే నెల. అడుగంటిన బోరు దగ్గర బిందెలతో నిలబడే నెల. అదే ఉపాధి హామీ పనులు ఎక్కువగా నడిచే కాలం కూడా. పిల్లలు వచ్చిన నెల ఆమె ఆ పనికి పోలేదు. ఎన్ని రోజుల కూలి పోయిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది, కొడుకుతో మాత్రం చెప్పలేదు. హైదరాబాద్ ఆఫీసులు, ఆసుపత్రులు, అపార్టుమెంట్ల నిర్మాణాలు మే నెలలో ఆగకుండా నడుస్తున్నాయంటే అందులో ఈమె వదులుకున్న కూలి ఉంది. ఆ కూలిని ఏ కంపెనీ లెక్కలో, ఏ బడ్జెట్ పద్దులో చూపించారు?

నేను కొంతకాలంగా ఈ మూడు జిల్లాల ప్రభుత్వ బడుల్లో పిల్లల రాతలు చూస్తున్నాను. జూన్‌లో బడి తెరవగానే తెలుగు టీచరు రాయించే వ్యాసం ఒకటుంది కదా, ‘నేను వేసవి సెలవులు ఎలా గడిపాను?’ అని. ఆ నోటుబుక్కులు. చదివిన కొద్దీ నాకు భయం వేసింది. దాదాపు అందరూ ఒకే వ్యాసం రాశారు. అమ్మమ్మ ఊరికి వెళ్ళాను, మామిడిపళ్ళు తిన్నాను, ఆటలు ఆడాను, చాలా ఆనందంగా గడిపాను. అమ్మమ్మ లేని పిల్ల కూడా అదే రాసింది. అమ్మమ్మ ఊళ్ళోనే పుట్టి పెరిగి, ఊరు దాటని పిల్ల కూడా అదే రాసింది. మన స్మృతి వ్యాసాలు గైడుల్లోకి దిగి, గైడుల నుంచి నల్లబల్ల మీదికెక్కి, ఈ పిల్లల ఎండాకాలాన్ని ముందే రాసిపెట్టేశాయి. వాళ్ళు చేయాల్సింది చేతిరాతతో దస్తూరి చేయడమే.

మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా పిల్ల, ఏడో తరగతి, సరిగ్గా అలాంటి వ్యాసమే రాసింది. నోటుబుక్కు మూసేసి అడిగాను, సెలవులకు ఎక్కడికి పోయినవని. “పట్నం పోయిన మేడం” అంది. పక్క పిల్లలు ఆమె వైపు ఈర్ష్యగా చూశారు. వాళ్ళ అక్క ఉప్పల్ దగ్గర ఒక అపార్టుమెంటులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. బావ సెంట్రింగు పని. వాళ్ళకు ఎనిమిది నెలల పిల్లాడు. బడి బంద్ అయిన మర్నాడే మామ వచ్చి రైలెక్కించుకుని తీసుకుపోయాడు, బడి తెరిచే ముందు రోజు తెచ్చి దింపాడు. పట్నంల ఏం చూసినవంటే, “గ్రౌండ్ చూసిన మేడం. పొద్దుగాల పోరగాండ్లు చక్రాల బూట్లేసుకొని ఉరుకుతరు” అంది. నువ్వాడలేదా అంటే నాకేమీ తెలియదన్నట్టు నవ్వింది. “చంకల పిల్లగాడు ఉండె గద.”

పట్నం పిల్లలు స్వేచ్ఛ కోసం ఊరికి వస్తారు, ఊరి పిల్ల పట్నం పిల్లాణ్ణి ఎత్తుకోవడానికి పట్నం పోతుంది. రెండూ ఒకే రైల్లో, ఒకే వారంలో. నా ఫోన్‌లోకి వచ్చే జాబితాలో ఉన్న మైదానాన్ని ఆ పిల్ల 49 రోజులు చూసింది. ఆమె వయసు జాబితాలో ఉన్న వయసే. రుసుము పది రూపాయలే. మనం అడుగుతున్న ‘ప్రతి వార్డులో ఉచిత శిబిరం’ వస్తే ఆమె ఇంకాస్త దగ్గర నుంచి చూస్తుంది, అంతే.

ఆమె చేసింది పని కాదు, చట్టం దృష్టిలో. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోగూడదని రాశారు. రాసి, వెంటనే ఒక తలుపు తెరిచిపెట్టారు. ప్రమాదకరం కాని పనుల్లో, బడి వేళల తర్వాత గాని సెలవుల్లో గాని, పిల్లలు కుటుంబానికీ కుటుంబ వృత్తికీ ‘సాయం’ చేయవచ్చట. సెలవులు అన్న మాటను చట్టమే వాడింది. సెలవు అంటే ఏమిటో పాఠ్యపుస్తకం ఒకటి చెబితే, చట్టం అసలు సంగతి చెప్పింది. కుటుంబం అంటే ఎవరో కూడా అందులో వివరించారు: తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల తోబుట్టువులు. కాబట్టి అక్క కొడుకును ఎత్తుకోవడం చట్టబద్ధం. (ఆ జాబితాలో అమ్మమ్మ, నానమ్మ లేరు. ఆరుగురిని సాకిన జనగామ నానమ్మ చట్టం ప్రకారం పిల్లలకు కుటుంబమే కాదు!) చట్టం ఇంగ్లీషు పాఠంలో పిల్లను సూచించే సర్వనామం పుంలింగం. చంకలో పిల్లాడు మాత్రం ఆడపిల్లకే.

భూపాలపల్లి వైపు ఈ ‘సాయం’ మరో రూపంలో ఉంటుంది. ఏప్రిల్, మే నెలలు అక్కడ తునికాకు కాలం. మహదేవపూర్, కాటారం, పలిమెల అడవుల్లోకి చీకటితోనే పోవాలి. ఎండ ముదిరేలోపు ఆకు తెంపి మూటలతో ఇంటికి చేరాలి. ఆ తర్వాత నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టాలి, సాయంత్రానికి కల్లంలో లెక్క అప్పజెప్పాలి. కట్టకే ధర, మనిషికి కాదు. కట్టలు కట్టడంలో ఇంటి పిల్లలందరి వేళ్ళూ ఉంటాయి, కల్లంలో పేరు మాత్రం ఇంటి పెద్దది. పిల్లల చేతులకు నేను నీతులు చెప్పబోవడం లేదు. ఎండాకాలం ఆ ఇళ్ళకు చేతికొచ్చే కాసిన్ని డబ్బుల్లో ఇవి ముఖ్యమైనవి, జూన్‌లో విత్తనాలకూ, కాపీల దుకాణానికీ అవే ఆధారం. అడవికి పోవడాన్ని పిల్లలు ఇష్టంగానూ చెబుతారు. నేను అడిగేది వేరు. తల్లి అడవిలో ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న ముగ్గురు చిన్నవాళ్ళకు అన్నం పెట్టేది పదేళ్ళ ఆడపిల్ల. ఆమె అన్న తల్లితోపాటు అడవికి పోతాడు. రాత్రికి అన్న పనిచేశాడు అంటారు, ఆమె ఇంట్లోనే ఉంది అంటారు. తన వ్యాసంలో ఆమె కూడా చాలా ఆనందంగా గడిపానని రాసింది.

అదే జిల్లా కేంద్రంలో సింగరేణి కాలనీ ఉంది. బొగ్గు కంపెనీ తన ఏరియాల్లో వేసవిలో పిల్లలకు ఆటలు నేర్పుతూ వచ్చింది. గ్రౌండ్లున్నాయి, కోచ్‌లున్నారు. కంపెనీ పిల్లల సెలవులను తన సంక్షేమ బాధ్యతగా ఒప్పుకుందంటే దాని వెనక కార్మిక సంఘాల దశాబ్దాల కొట్లాట ఉంది. తునికాకు కూలీలకూ ఒక యజమాని ఉన్నాడు. 1971 చట్టంతో తునికాకు వ్యాపారం ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది, అటవీశాఖ యూనిట్లు కట్టి కాంట్రాక్టర్లకు ఇస్తుంది. మరి కల్లం దగ్గర పిల్లలకు ఒక నీడ, ఒక కుండెడు నీళ్ళు, చూసుకునే ఒక మనిషి ఎందుకు ఉండకూడదు?

ఉండవచ్చని మన చట్టాలే ఒకప్పుడు ఒప్పుకున్నాయి. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోటుకు తల్లుల వెంట వచ్చిన ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు ఉంటే, ఆ పనివాళ్ళలోనే ఒక స్త్రీని వాళ్ళను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకు అందరితో సమానంగా కూలి ఇవ్వాలని ఉండేది. పిల్లల్ని చూసుకోవడం పని అనీ, దానికి కూలి ఉంటుందనీ ఈ దేశంలో ఒక చట్టం రాసిన అరుదైన వాక్యం అది. అమలు ఎంత జరిగిందో ఊళ్ళలో అడిగితే నవ్వుతారనుకోండి. 2025 డిసెంబర్‌లో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. వంద రోజులు నూటఇరవై అయిదు అయ్యాయా, రాష్ట్రాల వాటా ఎంత అని పెద్ద చర్చే జరిగింది. పిల్లల్ని చూసుకునే మనిషి కూలి గురించి ఆ చర్చలో నేనైతే వినలేదు.

ఆరేళ్ళ లోపు పిల్లలంటే అంగన్‌వాడీ గుర్తొస్తుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం మే నెలంతా అంగన్‌వాడీలకు సెలవు ఇచ్చింది. టీచర్లూ ఆయాలూ ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్న సెలవు అది. వాళ్ళ మీద పడేది మాత్రం ఎండ కాదా? వాళ్ళ పక్షాన నేనున్నాను. కాని ఆ నెల అంగన్‌వాడీ చేసే పనిని ప్రభుత్వం వేరొకరికి అప్పజెప్పలేదు. అప్పజెప్పలేదంటే అది ఆగిపోయిందని కాదు, పదేళ్ళ అక్క చంకలోకి మారిందని. ఒక స్త్రీ హక్కును ఒక ఆడపిల్ల సెలవుతో చెల్లించి, తన ఖజానా తాళం తీయకుండా బయటపడడం ప్రభుత్వాలకు బాగా తెలుసు. మనం ఆ ఇద్దరిలో ఎవరి పక్షమో తేల్చుకోమన్నట్టు నిలబెడతారు కూడా.

అన్నం సంగతీ అంతే. బడి ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనం హక్కు. సెలవుల్లో ఆకలికి సెలవు ఉండదని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుర్తించి, కరువు ప్రాంతాల్లో వేసవిలో కూడా పిల్లలకు భోజనం పెట్టాలని ఆదేశించింది. 2016 కరువులో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ ఎండాకాలం తెలంగాణ కరువు మండలాల్లో బడి వంటగదులు తెరుచుకున్నాయి. అంటే సెలవుల్లో బడి తలుపు తెరవడం అసాధ్యమేమీ కాదు, చేసి చూపించారు. కరువు ప్రకటిస్తేనే తెరుస్తామంటేనే పేచీ. వండే ఆడవాళ్ళ గౌరవ వేతనం కేంద్రం లెక్కలో ఏడాదికి పది నెలలకే. మిగతా రెండు నెలలు ఆ గౌరవం కూడా సెలవు మీద పోతుంది. నేనూ ఆ వంటామె ఈ ఒక్క విషయంలో తోటి ఉద్యోగినులం.

‘పిల్లల్ని ఎవరు చూస్తారు?’ అన్న ప్రశ్న జనగామ నేలకు కొత్త కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ మనందరి అల్మారాల్లో ఉంది. పాలకుర్తి చిట్యాల ఐలమ్మ మొదలు ఎందరో తెలంగాణ సాయుధ పోరాట స్త్రీలు అందులో మాట్లాడారు. దళాల్లోకి పోయిన స్త్రీలు పసిపిల్లల్ని ఏం చేయాలన్న బాధ ఆ పుస్తకం పొడుగునా వినిపిస్తుంది. ఉద్యమం ఆ ప్రశ్నను ఆ తల్లుల సొంత గోడుగా వదిలేసిందని మనం ఎన్ని సదస్సుల్లో విమర్శించాం! మన ఇళ్ళకు వచ్చేసరికి అదే ప్రశ్నకు మన జవాబు ఒక వాట్సాప్ జాబితా.

శిబిరం అన్న మాటకు ఇక్కడే వేరే అర్థం కూడా ఉండేది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి తెచ్చే పని మొదలుపెట్టినప్పుడు నడిపినవి కూడా శిబిరాలే. వాటిలో తిండి ఉంది, పడుకోవడానికి చోటుంది, రాత్రీ పగలూ పెద్దవాళ్ళున్నారు. పని నుంచి పిల్లను విడిపించి బడిలో కూర్చోబెట్టేదాకా సాగేవి. పిల్లకు ఖాళీ ఉందనుకుని అందులో ఒక ఆట నేర్పడానికి పెట్టినవి కావు. పిల్లకు అసలు ఖాళీ లేదని తెలిసి, దాన్ని సంపాదించి పెట్టడానికి పెట్టినవి. తేడా అక్కడుంది. రేడియో బాలానందాన్ని తలుచుకునేటప్పుడు న్యాయపతి రాఘవరావు గారిని ‘రేడియో అన్నయ్య’గా ముందు తలుస్తాం, కామేశ్వరి గారిని ‘అక్కయ్య’గా ఆ వెంటనే. పిల్లల కోసం చేసే పనికి మనం ఎప్పుడూ చుట్టరికాలే పెట్టాం, జీతాలు పెట్టలేదు.

ఇక మన సంగతి. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది వేసవిలో పిల్లలకు కథల కార్యశాలలు నడుపుతారు. డబ్బు తీసుకోకుండానే నడుపుతారు. నాకు తెలుసు, నేనూ నడిపాను. ఆదివారం పది గంటలకు ఏసీ హాల్లో, కార్లలో వచ్చి దిగిన ముప్పైమంది పిల్లలకు తెలంగాణ పల్లె కథలు చెబుతాం. చివర అందరినీ ఒక కథ రాయమంటాం. వాళ్ళు అమ్మమ్మ ఊరి గురించి రాస్తారు. మనం చప్పట్లు కొడతాం, పుస్తకంగా వేస్తాం. ఆ పుస్తకాన్ని ఈ మూడు జిల్లాల బడులకు ఉచితంగా పంపుతాం. అక్కడి పిల్లలు దాన్ని చూసి రాస్తారు.

“పిల్లలకు కాస్త ఊపిరాడనివ్వండి, సెలవుల్లో కూడా బడేనా?” అని నన్ను అడిగినవాళ్ళున్నారు, అందులో నాకు ఇష్టమైన రచయిత్రులూ ఉన్నారు. నేను పాఠాలు చెప్పమనడం లేదు. పిల్లలు ఏమీ చేయకుండా ఉండడం గొప్ప విషయమే. కాని ఏమీ చేయకుండా ఉండాలంటే కూడా నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఒక నీడ కావాలి, తాగే నీళ్ళు కావాలి, మధ్యాహ్నం పళ్ళెంలో అన్నం కావాలి, పిలిస్తే పలికే పెద్ద మనిషి కావాలి, చంకలో పిల్లాడు లేకుండా ఉండాలి. ఇవన్నీ ఉన్న ఇల్లు ఉన్నవాళ్ళే పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేయమని వ్యాసాలు రాస్తారు.

కాబట్టి జాబితాలో ఇంకొక మైదానం చేర్చమని అడగడం మానేద్దాం. ఊళ్ళో బడిని ఆ 49 రోజులూ పొద్దుటి నుంచి భోజనం దాకా తెరిచి ఉంచమని అడుగుదాం. టీచర్లను బలవంతంగా కూర్చోబెట్టి కాదు, ఊళ్ళో చదువుకున్న ఆడవాళ్ళను జీతమిచ్చి పెట్టి. వంటామెకు పన్నెండు నెలల జీతంతో. చిన్నపిల్లల్ని కూడా అదే ఆవరణలోకి రానిచ్చి, లేకపోతే అక్క రాదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, ఆ డబ్బుతో కొన్న పుస్తకాలు మే నెలలో మండల కేంద్రం అల్మారాలో తాళం వేసి కాకుండా ఆ బడి వరండాలో ఉండాలని అడుగుదాం. ఆడపిల్లలకు ఈత నేర్పించాలని, నేర్పేది కూడా స్త్రీ అయి ఉండాలని అడుగుదాం. జిల్లా యువజన క్రీడల శాఖ ఎండాకాలం పల్లెల్లో నడిపే శిక్షణ కేంద్రాలు ఊరి మైదానంలో కాక బడి ఆవరణలో, మరుగుదొడ్డి ఉన్నచోట పెట్టాలని అడుగుదాం. పారిస్ పారాలింపిక్స్‌లో 2024లో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిది మహబూబాబాద్ పక్కనే ఉన్న పర్వతగిరి మండలం కల్లెడ. ఆమె పరుగు కోచ్ కంట పడింది వేసవి శిబిరంలో కాదు, బడిపిల్లల పోటీల్లో.

ఇది ఏప్రిల్‌లో అడిగితే ఎవరూ వినరు. రాష్ట్ర బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో పెడతారు, జిల్లాల నుంచి ప్రతిపాదనలు అంతకుముందే పోతాయి. కార్యశాల తేదీలు మనం డిసెంబర్‌లోనే ఖాయం చేసుకుంటాం కాబట్టి ఆ అలవాటు మనకు ఉంది. ఈసారి మహబూబాబాద్‌లో ఆ తండా బడికి పోయినప్పుడు ప్రధానోపాధ్యాయుణ్ణి ఒక సంగతి అడిగాను, మే నెలలో బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని. వంటామె దగ్గర ఉంటుందట. ఆవరణలో మొక్కలకు నీళ్ళు పోయడానికి రోజూ వస్తుందట, జీతం లేకుండా.